దూరపు బంధువులతో ఒకే వంశవృక్షం: ఒకే పేరున్న వాళ్లు కలిసిపోతున్నారు

ప్రశ్న: ముత్తాత దగ్గర విడిపోయిన ఐదు కుటుంబాల వాళ్లం ఒకే గూగుల్ షీట్‌లో రాస్తున్నాం. తాత పేరే మనవడికీ ఉండటంతో ఇద్దరి తేదీలూ కలిసిపోతున్నాయి. ఏం చెయ్యాలండీ?

జవాబు 1: పేరును నమ్ముకోకండి. మనిషికో నంబరు ఇవ్వండి, దాన్ని ఎప్పటికీ మార్చొద్దు. తండ్రి నంబరు, తల్లి నంబరు వేరే కాలమ్‌లలో రాయండి. మీరు 1, తండ్రి 2, తల్లి 3 అంటూ, ప్రతి తండ్రికీ బిడ్డ నంబరుకు రెట్టింపు, తల్లికి ఇంకొకటి కలిపి ఇచ్చుకుంటూ పోయే పద్ధతి ఇక్కడ పనికిరాదు. అది ఒక్కరి నుంచి మొదలవుతుంది, మీ 2 మీ పెదనాన్న మనవడికి 2 కాదు కదా!

జవాబు 2: ‘ఆధారం’ కాలమ్ తప్పనిసరి. నోటిమాటైనా సరే, ఎవరు, ఎప్పుడు చెప్పారో రాయండి. రెండు తేదీలు పొసగకపోతే ఒకటి చెరిపేయకండి, రెండూ ఉంచండి. చెరిపిన తేదీయే తర్వాత నిజమని తేలుతుంటుంది. అందరికీ ఎడిటింగ్ ఇవ్వొద్దు. కుటుంబానికి ఒకరు చాలు, మిగతావాళ్లు కామెంట్ పెడతారు.

జవాబు 3: తర్వాత సాఫ్ట్‌వేర్‌లోకి మార్చేటప్పుడు జెడ్‌కామ్ (GEDCOM, వంశవృక్షం వివరాలను ఒక సాఫ్ట్‌వేర్ నుంచి ఇంకోదానికి పంపే ఫైల్ రకం) ఫైల్‌ను యూటీఎఫ్-8 (UTF-8, అన్ని భాషల అక్షరాలూ పట్టే ఎన్‌కోడింగ్)లోనే సేవ్ చేయండి, లేకపోతే తెలుగు అక్షరాలు ప్రశ్నార్థకాలైపోతాయి. జెడ్‌కామ్ 5.5.1 వెర్షన్ ఫైల్‌లో ఫొటోలు మామూలుగా రావు, అవి ఏ ఫోల్డర్‌లో ఉన్నాయో చెప్పే చిరునామాలే వస్తాయి. ఫొటోల ఫోల్డర్ విడిగా పంపాలి. బతికున్నవాళ్ల పుట్టినతేదీలు మాత్రం ఫైల్ ఎవరికైనా పంపే ముందే అందులోంచి తీసేయండి.