అప్‌డేట్: కుండపెంకుల మీద నంబర్లు ఇప్పుడు నిలుస్తున్నాయి

పెద్దలకు పెట్టే పురావస్తు క్లాసులో, కడిగిన కుండపెంకుల మీద నంబర్లు చెరిగిపోతున్నాయని, సంచుల్లో బూజు పడుతోందని ఇంతకుముందు అడిగాను. రెండూ తేలాయి.

బూజుకు కారణం తొందర. పైకి పొడిగా కనిపించినా మందపాటి పెంకు లోపల తడి ఉంటుంది. జాలీ ట్రేలో, నీడన, రెండు మూడు రోజులు ఆరాలి. ఒక్కో ట్రేలో తవ్వకంలో ఒకే మట్టి పొరలో దొరికిన పెంకులు, అవి ఎక్కడ దొరికాయో రాసిన చీటీ వాటితోనే. చీటీ తప్పిపోతే ఆ పెంకుల విలువ చాలావరకు పోయినట్టే.

నంబరు వేసేది లోపలివైపు, విరిగిన అంచుకు దూరంగా. ముందు అసిటోన్‌లో (త్వరగా ఆవిరయ్యే, మండే ద్రావకం) 20 శాతం కలిపిన పారలాయిడ్ బి-72 (పారదర్శకమైన యాక్రిలిక్ రెజిన్) సన్నగా పూయాలి. అది బాగా ఆరాక పిగ్మెంట్ ఇంకుతో రాయాలి. అంకెల మీద మళ్లీ అదే పూసే పైపూత మాత్రం కుంచె ఒక్క లాగులో అయిపోవాలి. కుంచె మళ్లీ తగిలిందా, అసిటోన్ కింది పూతను కరిగించి అంకెలు అలికేస్తుంది. మా నంబర్లు చెరిగిపోయింది ఇక్కడే. కిటికీలు తెరిచే ఉంచండి, దగ్గర్లో మంట వద్దు.

కడగడానికి సబ్బు అక్కర్లేదు, మామూలు నీళ్లు, మెత్తటి టూత్‌బ్రష్ చాలు. విరిగిన అంచులూ శుభ్రం చేయాలి, లేకపోతే ముక్కలు సరిగ్గా అతకవు. రంగు పూసినవి రుద్దొద్దు. లోపల మాడు అంటుకున్నవి అసలు కడగొద్దు, అందులో ఏం వండారో ఆ మాడు చెప్పగలదు.