చైల్డ్ సపోర్ట్: పాప ఎన్ని రాత్రులు ఎవరి దగ్గర?

ప్రశ్న (కూకట్‌పల్లి నుంచి):
తమ్ముడు మెల్‌బోర్న్‌లో ఉంటాడు, విడాకులయ్యాయి. పాప పెంపకానికి కట్టే డబ్బు (చైల్డ్ సపోర్ట్) పాప ఎవరి దగ్గర ఎన్ని రాత్రులు ఉందో చూసి లెక్కేస్తారట. పాప ఏడాదికి 120 రాత్రులు తన దగ్గరే ఉంటుందని వాడు, 100 మాత్రమేనని మాజీ భార్య. డిసెంబరు సెలవుల్లో పాపను వెంటబెట్టుకుని హైదరాబాద్ వస్తాడు. ఆ రాత్రులు కలుస్తాయా?

జవాబు 1:
అండీ, ముందు ఈ గొడవ అవసరమా చూడండి. 52 నుంచి 127 రాత్రుల దాకా ఒకే శ్లాబు: పాప ఖర్చులో 24 శాతం మీ తమ్ముడు భరించినట్టు లెక్క. 100 అయినా 120 అయినా కట్టే డబ్బు మారదు. 128 రాత్రులు, అంటే ఏడాది రాత్రుల్లో 35 శాతం (దీన్నే కేర్ శాతం అంటారు) చేరాకే కదలిక. అక్కడ ఖర్చు వాటా 25 శాతం, ఆపై ఒక్కో కేర్ శాతానికి 2 చొప్పున పెరుగుతుంది. 140 రాత్రులైతే 38 శాతం కేర్, ఖర్చు వాటా 31. పోట్లాడాల్సింది 128 దగ్గర.

జవాబు 2:
తండ్రితోనే ఉంటుంది కాబట్టి హైదరాబాద్ రాత్రులూ కలుస్తాయి. రుజువుగా బోర్డింగ్ పాసులు దాచమనండి. "శుక్రవారం ఆరింటికి తీసుకెళ్తా" లాంటి మెసేజీలు కూడా దాచాలి; స్కూల్ నుంచి తీసుకెళ్లిన రోజులు తేదీలతో క్యాలెండర్‌లో రాయాలి. ఏడాది చివర్లో కూర్చుని రాసిన క్యాలెండర్‌కు అంత విలువ ఉండదు.

జవాబు 3:
గడువు మర్చిపోవద్దు! కేర్ మారితే 28 రోజుల్లోపు సర్వీసెస్ ఆస్ట్రేలియాకు (చైల్డ్ సపోర్ట్ చూసే ప్రభుత్వ సంస్థ) చెప్పాలి. నిర్ణయం నచ్చకపోతే అభ్యంతరానికీ 28 రోజులే. ఆలస్యమైతే, గెలిచినా మామూలుగా అభ్యంతరం పెట్టిన తేదీ నుంచే వర్తిస్తుంది, పాత నెలల డబ్బు పోయినట్టే. అక్కడా తేలకపోతే, ప్రభుత్వ నిర్ణయాలను మళ్లీ పరిశీలించే అడ్మినిస్ట్రేటివ్ రివ్యూ ట్రిబ్యునల్‌కు వెళ్లాలి.