ఆర్కైవ్స్‌లో ఫోటోలు, నోట్స్: థీసిస్‌కీ తర్వాత పుస్తకానికీ పనికొచ్చేలా ఎలా సర్దుకోవాలి?

తొలిమెట్టు
చరిత్రలో పీహెచ్‌డీ మొదలైంది. వచ్చే నెల నుంచి ఆర్కైవ్స్‌లో పని. ఫోన్‌తో ఫోటోలు తీసుకోనిస్తారట. థీసిస్ అయ్యాక అదే సామగ్రితో వ్యాసాలు, పుస్తకం రాయాలని ఉంది. ఫోటోలు ఏ వరసలో తీయాలి? దస్త్రాలన్నీ పూర్తిగా టైపు చేసుకోవాలా? అనుభవమున్నవాళ్లు చెప్పగలరు.

దస్త్రాలదారి
వెళ్లేముందు క్యాటలాగ్ మీద కూర్చోండి. ఆర్కైవ్స్‌లో కాగితాలు విషయాల వారీగా ఉండవు. ఏ కార్యాలయం నుంచి వచ్చాయో ఆ వరసలోనే ఉంచుతారు. 1841లో ఫ్రాన్స్ ప్రభుత్వ సర్క్యులర్‌తో నిలదొక్కుకున్న సూత్రమిది. అందుకని ‘కరువు’ అని వెతికితే దొరికేది తక్కువ. కరువు వచ్చినప్పుడు ఏ శాఖ ఏ శాఖకు ఉత్తరం రాసి ఉంటుందో ఊహించి, ఆ శాఖ ఫైళ్లు అడగాలి.

ఫోటోల వరస: ముందు పెట్టె మీది చీటీ, తర్వాత ఫైలు అట్ట, ఆ తర్వాత పేజీలు. ప్రతి కాగితానికీ రెండు వైపులా తీయండి. ఉత్తరం అందిన తేదీ, అధికారి రాసిన ఉత్తర్వు చాలాసార్లు వెనకవైపే ఉంటాయి. అసలు నిర్ణయం అక్కడుంటే, ముందువైపు మాత్రమే చూసినవాళ్లు అర్జీనే నిర్ణయం అనుకునే ప్రమాదం ఉంది. నాలుగు అంచులూ ఫ్రేములో పడాలి. అంచు తెగితే ఫోలియో నంబరు (కాగితం మీద వేసిన వరస సంఖ్య) పోతుంది. ఫ్లాష్ వాడొద్దు. ఫైలు అయిపోగానే ఒక తెల్లకాగితం ఫోటో తీస్తే, ఎక్కడ ఆగిందో తర్వాత తెలుస్తుంది.

సిరాతో ఒక పేజీ సంఖ్య, పెన్సిల్‌తో ఇంకొకటి కనిపిస్తే ఏది ఉదహరించాలో అక్కడి సిబ్బందినే అడగండి.

ఏ రోజు ఫోటోలు ఆ రోజు సాయంత్రమే ఫోల్డర్లలో వేసేయాలి. ఫోల్డర్ పేరు: ఆర్కైవ్స్, సిరీస్, ఫైలు నంబరు. లోపల ఒక టెక్స్ట్ ఫైలులో ఏముందో రెండు వాక్యాలు. పనికొచ్చేది ఏమీ లేకపోతే ఆ సంగతి కూడా. లేకపోతే ఏడాది పోయాక అదే ఫైలు మళ్లీ తెప్పించుకుంటారు.

ఫుట్‌నోట్
అన్నీ టైపు చేయొద్దు, థీసిస్ ఎప్పటికీ తెమలదు. ప్రతి పత్రానికీ ఒక సారాంశ వాక్యం చాలు. ఉటంకించబోయే భాగాన్ని మాత్రం అక్షరం పొల్లుపోకుండా ఎత్తిరాయండి; తప్పు స్పెల్లింగులు కూడా దిద్దకూడదు.

నోట్స్‌లో మూడు రకాల మాటలుంటాయి: పత్రంలోవి, మీ సారాంశం, మీ అభిప్రాయం. వీటిని మొదటిరోజు నుంచే విడదీయండి. కొటేషన్ గుర్తులు వేయకుండా దించుకున్న వాక్యం కొన్నేళ్లకు మీ వాక్యంలాగే కనిపిస్తుంది. గ్రంథచౌర్యం ఆరోపణలు కొన్ని పుట్టేది ఇక్కడే.

తేదీలు జాగ్రత్త. ఇంగ్లండులో 1752కు ముందు అధికారికంగా కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. కాబట్టి నాటి కాగితం మీద 1700 ఫిబ్రవరి అని ఉంటే మన లెక్కలో అది 1701 కావచ్చు. రష్యా 1918 దాకా, మన తేదీల కన్నా కొన్ని రోజులు వెనకుండే పాత జూలియన్ క్యాలెండరే వాడింది. పత్రంలో ఉన్న తేదీ యథాతథంగా ఒక గడిలో, మార్చిన తేదీ ఇంకో గడిలో రాసి, రెండో దాని ప్రకారం వరస పెట్టుకోండి. కారణం కన్నా ముందే ఫలితం వచ్చినట్టు రాసే పొరపాటు తప్పుతుంది.

దస్త్రాల ఫోటోలు సర్దుకోడానికి ట్రోపీ, పుస్తకాల వివరాలకు జొటేరో అనే సాఫ్ట్‌వేర్లు వాడండి, రెండూ ఉచితమే. చేతిరాత చదివే ట్రాన్స్‌క్రిబస్ వెతుకులాటకు బాగుంటుంది కానీ దాన్నుంచి నేరుగా ఉటంకించకండి, పేర్లూ అంకెలూ తప్పు పడతాయి. కాగితమే నచ్చితే అదీ మంచిదే. కీత్ థామస్ లాంటి చరిత్రకారుడు నోట్స్‌ను కత్తెరతో ముక్కలు చేసి విషయాల వారీగా కవర్లలో వేసుకునేవారు. ఆ పద్ధతిలో ప్రతి ముక్క మీదా ఆధారం రాసుండాలి, లేకపోతే ఆ ముక్క ఎందుకూ కొరగాదు.

తొలిమెట్టు
చాలా ఉపయోగం, ఇద్దరికీ ధన్యవాదాలు. పుస్తకం వచ్చేసరికి ఆర్కైవ్స్‌వాళ్లు ఫైళ్ల నంబర్లు మార్చేస్తే?

దస్త్రాలదారి
మారుస్తారండి. అందుకే నంబరు ఒక్కటే రాసుకుంటే చాలదు. ఎవరు ఎవరికి రాశారు, పత్రం తేదీ, ఫైలు శీర్షిక, మీరు చూసిన తేదీ కూడా రాసుకోండి. పాత నంబరుకు కొత్తది చూపే పట్టిక ఉందేమో అడగాలి. పట్టిక లేకపోయినా ఈ వివరాలతో సిబ్బంది వెతికిపెట్టగలరు.

ఇంకోటి: సొంత పరిశోధనకు ఫోటో తీసుకునే అనుమతి, పుస్తకంలో ఆ ఫోటో అచ్చువేసే అనుమతి ఒకటి కావు. రెండోదానికి విడిగా అర్జీ పెట్టాలి, ఒక్కోచోట రుసుమూ ఉంటుంది. ప్రూఫుల దశలో మొదలుపెడితే ఆలస్యమవుతుంది. వ్రాతప్రతి సమీక్షకు వెళ్లినప్పుడే రాయండి.