మత్తు ఇచ్చాక మెదడు ఆగిపోతుందా?

బ్రాడీపేట_రాణి
మా నాన్నగారికి 71 ఏళ్లు. వచ్చే వారం ఇక్కడే గుంటూరులో గాల్‌బ్లాడర్ ఆపరేషన్, పూర్తి మత్తు ఇస్తారట. నుదుటికి పట్టీ అంటించి మెదడులో కరెంటు ఎలా ఉందో చూస్తుంటామని మత్తు డాక్టరుగారు చెప్పినప్పట్నుంచీ ఈయనకి ఒకటే టెన్షన్. "ఆగిన మెదడు మళ్లీ మొదలవుతుందని గ్యారంటీ ఏంటమ్మా" అంటున్నారు. నిద్రలాంటిదే నాన్నా అన్నాను, అంతకుమించి నాకు తెలీదు. తెలిసినవాళ్లు చెప్పండి, ఆయనకి చదివి వినిపిస్తాను.

ఓటీ_నైట్‌డ్యూటీ
అనస్థీషియా డాక్టర్‌ని, విజయవాడ సూర్యారావుపేటలో చేస్తాను. మెదడు ఆగదండీ, ముందు ఆ మాట చెప్పండి నాన్నగారికి. మెలకువలో ఈఈజీ గీత, అంటే మెదడులో కరెంటుని తెరమీద చూపించే గీత, సన్నగా, వేగంగా, గజిబిజిగా ఉంటుంది, ఒక్కో భాగం తన పని తాను చేసుకుంటూ మిగతావాటితో మాట్లాడుతుంటుంది కాబట్టి. నరానికి ప్రొపొఫాల్ అనే మత్తుమందు ఎక్కించాక చూస్తుండగానే అది మారిపోతుంది. నాడీకణాల జోరు తగ్గించే గాబా అనే రసాయనం మెదడులో ఎప్పుడూ ఉండేదే, ఈ మందు దాని పట్టు పెంచుతుంది. అప్పుడు తెరమీద నెమ్మదిగా కదిలే పెద్ద అలలు, వాటిమీద సెకనుకు 8 నుంచి 12 సార్లు ఊగే ఆల్ఫా అలలు కనిపిస్తాయి. ఊరికే కళ్లు మూసుకుంటే ఆల్ఫా తల వెనకవైపు బలంగా ఉంటుంది, మత్తులో నుదుటివైపుకి వచ్చేస్తుంది, పట్టీ అంటించేదీ అక్కడే. మెదడు లోపలుండే థాలమస్ అనే భాగం, పైపొరైన కార్టెక్స్ ఒకే లయలో చిక్కుకుపోతాయి. క్లాసంతా ఒక్క గొంతుతో ఎక్కాలు చదువుతుంటే పక్కపక్కన కూర్చున్న ఇద్దరు పిల్లలు ఏం మాట్లాడుకోగలరు? కరెంటు ఉంటుంది గానీ ఒకచోటి కబురు ఇంకోచోటికి అందదు. మందు ఆపి, దాని ప్రభావం తగ్గేకొద్దీ ఆ లయ విడిపోతుంది, మనిషికి తెలివొస్తుంది.

మోతాదు మరీ ఎక్కువైతే గీత కొన్ని సెకన్లు చదునైపోయి, ఒక్కసారి అలలు లేచి, మళ్లీ చదునవుతుంది. బర్స్ట్ సప్రెషన్ అంటాం. ఈ ఆపరేషన్‌కి అంత లోతు అక్కర్లేదు. పెద్దవాళ్లు తక్కువ మందుకే అక్కడికి జారిపోతారు, అందుకే పట్టీ పెడతామన్న డాక్టరు దొరకడం మంచిదే.

ఈఈజీ_టెక్నీషియన్
డాక్టరుగారు చెప్పినదానికి చిన్న చేర్పు. నిద్రలాంటిదే అనేది పూర్తిగా సరికాదు. నిద్ర సుమారు 90 నిమిషాలకో విడతగా లోతూ తేలికా మారుతుంది, తట్టి లేపితే లేస్తాం. మత్తులో ఆ విడతలుండవు, కత్తి పెట్టినా లేవరు. ఎమరీ బ్రౌన్ అనే మత్తు డాక్టరు, ఇంకో ఇద్దరు 2010లో న్యూ ఇంగ్లాండ్ జర్నల్ అనే వైద్య పత్రికలో మత్తుని మళ్లీ వెనక్కి తేగలిగే కోమా అనే రాశారు.

ఇంకోటి, మానిటర్ మీద మత్తు లోతు చెప్పే అంకె 0 నుంచి 100 వరకు వస్తుంది, లోతు పెరిగేకొద్దీ అది తగ్గుతుంది, 40-60 మధ్య ఉంచుతారు. కానీ కెటమిన్ అనే ఇంకో మత్తుమందు ఇస్తే గామా అనే వేగమైన అలలు పెరిగి, మనిషి స్పృహలో లేకపోయినా అంకె పైకి పోవచ్చు. అంకెతో పాటు గీత కూడా చూడాలనేది అందుకే.

ఓటీ_నైట్‌డ్యూటీ
నిజమే, కానీ రాణిగారూ, నాన్నగారికి చదివేటప్పుడు ఆ కోమా మాట వదిలేయండి. భయపడుతున్న మనిషికి నిద్ర అని చెప్పడమే మేలు.

మంగళగిరి_మనవరాలు
మా అమ్మమ్మకి తుంటి ఆపరేషన్ అయ్యాక రాత్రిళ్లు మమ్మల్నే గుర్తుపట్టలేదు, లేచి బియ్యం ఏరాలి చేట తెమ్మంది. డెలిరియం అన్నారు, కొన్నాళ్లకి తగ్గింది. కళ్లజోడు, చెవిమిషను ఉంటే వెంటనే పెట్టండి అక్కా, ఇంటి మనిషి పక్కనే ఉండి పగలో రాత్రో చెబుతుండాలి.

బ్రాడీపేట_రాణి
అందరికీ థాంక్సండీ. చదివి వినిపించాను, ఎక్కాల మాట బాగా నచ్చిందాయనకి. ఇప్పుడు కొత్త ప్రశ్న, మధ్యలో మెలకువ వస్తే?

ఓటీ_నైట్‌డ్యూటీ
చాలా అరుదు. బ్రిటన్, ఐర్లాండ్‌లలో చేసి 2014లో బయటపెట్టిన పెద్ద సర్వేలో, మెలకువ వచ్చిందని రోగులే చెప్పిన కేసులు సుమారు 19,000 మత్తులకి ఒకటి. మీరు చేయాల్సిందల్లా ఆయన వాడే మందుల చీటీ మొత్తం ఇవ్వడం. నిద్రమాత్రలు, మద్యం అలవాటు ఉంటే అస్సలు దాచొద్దు, మోతాదు వాటిని బట్టి కూడా మారుతుంది.