కిరాయి ఇంట్లో ఉండేవాళ్లు కార్పొరేటర్‌గా నిలబడొచ్చా?

ప్రశ్న (దిల్‌సుఖ్‌నగర్ నుంచి):
అందరికీ నమస్తే. మా వదిన ఎన్నో ఏళ్లుగా బస్తీలో మహిళా సంఘం పనులు చూసుకుంటది. ఈసారి కార్పొరేటర్‌గా నిలబడమని గల్లీవాళ్లంతా అంటున్నరు. మాది కిరాయి ఇల్లు. సొంతిల్లు లేకపోతే నామినేషన్ తీసుకోరని ఒకాయన భయపెట్టిండు. ఆమె ఓటు కూడా ఇంకా నల్లగొండ దగ్గర మా ఊళ్లోనే ఉంది. మా డివిజన్ (కార్పొరేటర్ వార్డు) వేరేవాళ్లకు రిజర్వ్ అయితే పక్కదాంట్లో నామినేషన్ వేయొచ్చా?

జవాబు (రామంతాపూర్ నుంచి):
తమ్మీ, ఆ సొంతింటి మాట మర్చిపో. సొంతిల్లు ఉన్నంత మాత్రాన ఓటు హక్కు కూడా రాదని 1950 ప్రజాప్రాతినిధ్య చట్టం 20వ సెక్షన్‌లో స్పష్టంగా ఉంది. చూసేది మామూలుగా ఎక్కడ ఉంటున్నారనే. ఇన్నేళ్లు ఇక్కడ కాపురం ఉండాలన్న షరతు లేదు. వయసు 21 నిండాలి, కార్పొరేషన్ ఓటరు జాబితాలో పేరుండాలి. మీ చిక్కంతా ఆ పేరు దగ్గరే. ఎమ్మెల్యేగా నిలబడాలంటే రాష్ట్రంలో ఎక్కడ ఓటున్నా చాలు, కార్పొరేటర్‌కు అట్ల కుదరదు. ఊరి ఓటుతో వేస్తే పరిశీలనలోనే కొట్టేస్తరు.

వెంటనే ఫారం 8 పెట్టించు, చిరునామా మార్పు దాంట్లోనే అయితది. కొత్త ఓటు కోసం పెట్టే ఫారం 6 మాత్రం వద్దు. రెండు చోట్ల ఓటుంచుకోవడం చట్టవిరుద్ధం, దరఖాస్తులో తెలిసీ అబద్ధం రాస్తే ఏడాది దాకా జైలు.

మళ్లీ ప్రశ్న:
థాంక్స్ అన్నా. ఊళ్లో ఓటు పోతే సర్పంచ్ ఎన్నికలప్పుడు ఎట్ల అని మా అత్తమ్మ ఒప్పుకుంటలేదు. కరెంటు బిల్లేమో ఓనర్ పేరు మీద ఉంది.

జవాబు (మలక్‌పేట నుంచి):
అత్తమ్మకు నచ్చజెప్పాల్సిందే, ఇక్కడ నిలబడాలంటే అక్కడ వదులుకోక తప్పదు. బిల్లు గురించి దిగులొద్దు. ఇక్కడి అడ్రస్‌తో ఆధార్ గానీ, బ్యాంకు పాస్‌బుక్ గానీ, రిజిస్టర్ చేసిన కిరాయి ఒప్పందం గానీ ఉంటే సరిపోతది. ఏదీ లేకపోతే బీఎల్ఓ (బూత్ స్థాయి ఎన్నికల అధికారి) ఇంటికొచ్చి విచారించి రాసుకుంటరు. ఆ సమయానికి వదిన ఇంట్లో ఉండేటట్టు చూసుకోండి. తాళం చూసి వెళ్లిపోతే పని ఆగుతది. నోటిఫికేషన్ దాకా ఆగొద్దు, అభ్యంతరాల గడువు దాటాకే పేరు ఎక్కుతది.

పక్క డివిజన్‌లో వేయొచ్చు, కార్పొరేషన్ పరిధిలో ఎక్కడ ఓటున్నా ఫర్వాలేదు. నామినేషన్ మీద ఆమె పేరు ప్రతిపాదించి సంతకం పెట్టే మనిషి మాత్రం పోటీ చేసే డివిజన్ ఓటరే అయ్యుండాలి. ఇక్కడే చాలామంది బోల్తా పడతరు. రోడ్డుకు ఇటు ఇల్లు ఒక డివిజన్, ఎదురిల్లు ఇంకో డివిజన్ అయితది, ఎదురింటాయనతోనే సంతకం పెట్టిస్తరు. 2025లో శివారు మున్సిపాలిటీలను హైదరాబాద్ కార్పొరేషన్‌లో కలిపినంక డివిజన్ల హద్దులు మారినయి కాబట్టి పాత ఓటరు స్లిప్పులు నమ్మొద్దు. కొత్త జాబితాలో వదినవి, ప్రతిపాదించే మనిషివి సీరియల్ నంబర్లు చూసి, నామినేషన్ పత్రంలో అవే రాయండి.