సమస్య: ‘పన్ను రాలినంత పరవశించె’

నిర్వాహకుడు: ఈ వారం అంశం పాలపన్ను. ఛందస్సు ఆటవెలది, ఇచ్చినది నాలుగో పాదం. పన్ను పోతే ఎవరైనా బాధపడతారు. పరవశం ఎందుకో మిగిలిన మూడు పాదాల్లో చెప్పాలి. ‘పిల్లవాడు గనుక’ అంటే చాలదు. ఆరేళ్ల బిడ్డకు తన ఒంట్లోంచి ఒక ముక్క ఊడి చేతిలోకి రావడం చిన్న సంగతి కాదు. ఆ భయాన్ని దాటించే కారణం కావాలి.

విజయనగరం మాస్టారు:

తోటివారలెల్ల తొర్రినవ్వులు నవ్వ
తనకు రాని వంతు తలచి కుంది
జామ కొరికి నేడు చప్పుడే లేకుండ
పన్ను రాలినంత పరవశించె

నిర్వాహకుడు: కారణం బలంగా ఉంది. ఒకటో తరగతిలో అందరికీ ఊడి తనకొక్కడికే ఊడకపోతే ఆ దిగులు ఇంతా అంతా కాదు. ‘చప్పుడే లేకుండ’ చూసి రాసిన మాట. అయితే కుందినది ఎవరు, పరవశించినది ఎవరు? కర్త కనబడడం లేదు.

విజయనగరం మాస్టారు: నిజమే. ‘జామ కొరికి బుజ్జి’ అని సవరిస్తున్నాను.

తెనాలి దంతవైద్యుడు:

పాలపంటి కింద పడిగాపులను గాచి
వేరు కరగజేసి వెలికి జూచి
కొత్తపన్ను తనకు కూర్చుండ చోటిచ్చి
పన్ను రాలినంత పరవశించె

ఇది కల్పన కాదు. కింది నుంచి శాశ్వత దంతం పైకి వస్తున్నకొద్దీ పాలపంటి వేరు కరిగిపోతుంది. అందుకే ఊడిన పన్ను అరచేతిలో బియ్యపుగింజంత కనబడుతుంది, రక్తం కూడా ఒకటి రెండు చుక్కలే. మామూలుగా ముందు ఊడేవి కింది వరుసలో నడిమి రెండు.

సిద్దిపేట అమ్మమ్మ: పరవశించినది కొత్త పన్ను అనడం నాకు చాలా నచ్చింది. కానీ పంటి, పన్ను, మళ్లీ పన్ను. పునరుక్తి చెవికి తగులుతోంది. ‘కొత్తదంత మపుడు’ అంటే గణాలు చెడవు. ఇక నా పూరణ:

అవ్వ బోసినవ్వుకద్దమై మనుమడు
నాల్క దూర్చి చూపె నవ్వుకొనుచు
తనదు చిన్ననాటి తలపులో నాయవ్వ
పన్ను రాలినంత పరవశించె

విజయనగరం మాస్టారు: అమ్మా, ‘నవ్వుకద్దమై’లో స్వరయతి (పాదం మొదటి ‘అ’తో ‘అద్దమై’లోని ‘అ’ కలవడం) చక్కగా కుదిరింది. రాలిన పన్ను మనుమడిదా, అవ్వ చిన్ననాటిదా అన్న సందేహం మిగిల్చారు. దాన్ని తేల్చకండి, పద్యం ప్రాణమంతా అక్కడే ఉంది.

నిర్వాహకుడు: వినాయకుడి దంతం మీద కూడా కొన్ని పూరణలు వచ్చాయి. భారతం రాయడానికి ఆయన దంతాన్ని విరిచాడు, అది రాలలేదు. క్రియ అతకనందున వాటిని తీసుకోలేకపోయాను.

అనంతపురం సభ్యురాలు:

పేడముద్ద నుంచి పెంకుటింటి పయికి
కాకి కంట పడక కాచి విసరు
వేళ వచ్చె ననుచు వెరమాని మా పాప
పన్ను రాలినంత పరవశించె

మా ఇంట్లో అయితే పన్ను కదలడం మొదలైన రోజు నుంచీ ఎవరు విసరాలన్న తగువే.

నిర్వాహకుడు: ఊడిన పన్నును పేడముద్దలో ఉంచి ఇంటి పైకి విసిరే ఈ ఆచారాన్ని ఎత్తుకున్నవారిలో చాలామంది ఒకచోట తప్పారు. విసరడం పన్ను ఊడిన తరువాతి పని. దాన్ని ముందు చెప్పి ‘రాలినంత’ అంటే వరుస తలకిందులవుతుంది. ‘వేళ వచ్చె ననుచు’ అని మీరు దాన్ని పాప మనసులోని ఆశగా మార్చారు, చిక్కు విడిపోయింది. ‘వెరమాని’ (భయం విడిచి) అనడంతో నేను మొదట అడిగిన భయాన్ని దాటడమూ వచ్చింది. ఈ వారం నా ఓటు దీనికే.

తెనాలి దంతవైద్యుడు: ఒక కోరిక. పై ముందు పళ్లు ఊడిన పిల్లలకు త, స సరిగా పలకవు. ఆ బిడ్డ నోటితో పద్యం చెప్పిస్తే?

నిర్వాహకుడు: బాగుంది. అవధానాల్లో నిరోష్ఠ్యం (పెదవులతో పలికే అక్షరాలు లేని పద్యం) అడిగినట్టు ఇక్కడ దంత్యాలను, అంటే పళ్లకు నాలుక తగిలించి పలికే అక్షరాలను, నిషేధిద్దాం. ఇదే సమస్యకు మొదటి మూడు పాదాల్లో త, థ, ద, ధ, న, ల, స రాకూడదు. ఇచ్చిన పాదానికి మినహాయింపు. ఆదివారం దాకా గడువు.