మెదడు స్కాన్ తీస్తే నాట్యాన్ని ఎలా చూస్తామో తెలుస్తుందా?

తార్నాక టీచర్:
నేను తార్నాకలో కూచిపూడి నేర్పుతాను. మా సీనియర్ స్టూడెంట్ ఒకమ్మాయిని ఒక ల్యాబ్ వాళ్లు పిలిచారు. ఎమ్మారై మెషిన్‌లో పడుకుని డాన్స్ వీడియోలు చూడాలట, ఆ టైంలో మెదడులో ఎక్కడ ఏం జరుగుతోందో వాళ్లు చూస్తారట. పిల్లకి ఒకటే సంబరం. వాళ్ల నాన్నగారు మాత్రం "దీంతో ఏం తేలుతుంది మేడం?" అని నన్నడిగారు. నా దగ్గర జవాబు లేదు.

ఇరవై మంది వరసలో ఎవరి అరమండి (మోకాళ్లు వంచి సగం కూర్చునే భంగిమ) లేచిపోయిందో నాకు ఒక్క చూపులో తెలిసిపోతుంది. ఎలా తెలుస్తుందంటే చెప్పలేను. గంటసేపు కదలకుండా పడుకున్న మనిషి తలని ఫోటో తీసి ఆ సంగతి చెప్పగలరా? నాకైతే అనుమానమే.

వారాసిగూడ డాబా:
మీ అనుమానం కరెక్టే మేడం. అసలు సంగతి ఈ స్కానర్లు రాకముందే తేలిపోయింది. 1973లో గున్నార్ యోహాన్సన్ అనే స్వీడన్ సైకాలజిస్టు మనిషి కీళ్ల దగ్గర మాత్రం మెరిసే చుక్కలు ఉంచి, మిగతాదంతా చీకటి చేసి ఫిల్మ్ తీశాడు. పదో పన్నెండో చుక్కలు. ఆగి ఉంటే అవేంటో ఎవరికీ అర్థం కాదు. కదిలాయా, ఇట్టే మనిషి కనిపిస్తాడు.

నమ్మకపోతే ఇంట్లో చేసి చూడండి, నేను చేశాను. బైకు నంబర్ ప్లేట్లకి స్టిక్కరింగ్ చేసే షాపులో నలభై రూపాయలకి రేడియం టేపు కొన్నాను. ముక్కలు కత్తిరించి మా పెద్దమ్మాయి నల్ల ట్రాక్‌సూట్ మీద భుజాలకి, మోచేతులకి, మణికట్లకి, నడుముకి, మోకాళ్లకి, మడమలకి అంటించాను. రాత్రి డాబా మీద లైటు ఆపేసి నడిపించి, ఫోన్ ఫ్లాష్ వేసి వీడియో తీశాను. మర్నాడు మా అమ్మకి చూపిస్తే, కళ్లజోడు కూడా పెట్టుకోకుండా, "మన పెద్దదే కదరా, ఎడమ కాలు ఈడుస్తోంది చూడు" అంది. తర్వాత అదే వీడియో తలకిందులుగా పెట్టి చూపించాను. "ఇవేంటి, మిణుగురులా?" అంది. చుక్కలు అవే, కదలిక అదే. మన చూపు నిటారుగా ఉన్న మనిషికే అలవాటు పడిందని తెలిసిపోలేదా? దీనికి కోట్ల రూపాయల మెషిన్ ఎందుకు?

ఇంకోటి. అప్పుడే గుడ్డులోంచి వచ్చిన కోడిపిల్లలు కూడా ఇలాంటి ప్రాణుల కదలిక వైపే మొగ్గుతాయని 2005లో ఇటలీ పరిశోధకులు చూపించారు. వాటినేం స్కానర్‌లో పడుకోబెట్టలేదు.

గచ్చిబౌలి పీహెచ్‌డీ:
డాబా అన్నా, రేడియం టేపు ఐడియా సూపర్, మా జూనియర్లతో చేయిస్తాను. కానీ మీరు చెప్పింది మనం ఏం చూడగలమన్నది. ఎలా చూస్తామన్నది అలాగే మిగిలిపోయింది.

మెదడులో కదలికని పట్టుకునే చోటు ఒకటుంది. ఆటో వెళ్లినా, దండెం మీద చీర ఊగినా అది పనిచేస్తుంది. మరి మనిషి కదలికకి కూడా అదొక్కటే చాలా, వేరే ఏర్పాటేమైనా ఉందా? మీ అమ్మగారిని ఎన్నిసార్లు అడిగినా ఇది తేలదు. 2000లో ఎమిలీ గ్రాస్‌మన్ బృందం స్కానర్‌లో పడుకున్నవాళ్లకి అవే చుక్కలని ఒకసారి మనిషిలా, ఒకసారి చెల్లాచెదురు చేసి చూపించింది. ఒక్కో చుక్క కదిలే తీరు మారలేదు, వాటి చోట్లు మాత్రం తారుమారు చేశారు. చెవికి పైన, కాస్త వెనగ్గా ఉండే ఒక మడత, దాన్ని సుపీరియర్ టెంపొరల్ సల్కస్ అంటారు, మనిషి కనిపించినప్పుడే ఎక్కువ పనిచేసింది.

"స్కాన్‌లో ఆ చోటు వెలిగితే ఏంటి?" అంటారని తెలుసు. 2005లో వాళ్లే, తలకి బయటనుంచి అయస్కాంతంతో ఆ చోటుని కాసేపు మందగించేలా చేస్తే, నిటారుగా ఉన్న చుక్కల మనిషిని గుర్తుపట్టడం తగ్గింది. మామూలు కదలికని చూసే చోటు మీద పెడితే తగ్గలేదు. 2007లో అయ్షె సైగిన్ 60 మంది పక్షవాతం రోగులని పరీక్షించినప్పుడు కూడా, ఆ మడత దగ్గరా, ముందువైపు కదలికల్ని సిద్ధం చేసే భాగం దగ్గరా దెబ్బ తగిలినవాళ్లే ఎక్కువ ఇబ్బంది పడ్డారు. అయస్కాంతం ఎక్కడ పెట్టాలో, ఎక్కడి దెబ్బని లెక్కలోకి తీసుకోవాలో దారి చూపింది స్కాన్లే.

నైట్ డ్యూటీ ఎమ్మారై:
మెషిన్ నడిపేవాణ్ణి కాబట్టి రెండు ముక్కలు చెబుతా. అది నరకణాల్ని చూడదు సార్. ఒక చోట రక్తంలో ఆక్సిజన్ హెచ్చుతగ్గుల్ని చూస్తుంది, అదీ ఆలస్యంగా. సిగ్నల్ పూర్తిగా పైకి రావడానికి అయిదారు సెకన్లు. టీచర్ గారి ఒక్క చూపు అయిపోయి, తప్పు చేసిన పిల్లకి చీవాట్లు పడి, జతి మళ్లీ మొదలయ్యాక వస్తుందన్నమాట. బొమ్మలో కనిపించే ఒక్కో గడి రెండు మూడు మిల్లీమీటర్లు, అందులో లక్షల కణాలు.

చచ్చిన చేప కథ తెలుసా? 2009లో అమెరికాలో ఒక చచ్చిన సాల్మన్ చేపని స్కానర్‌లో పెట్టి మనుషుల ఫోటోలు "చూపించారు". లెక్కల్లో జాగ్రత్త పడకపోతే దాని మెదడులో కూడా చుక్క వెలిగింది. వేల గడుల్ని విడివిడిగా పరీక్షిస్తే కొన్ని ఊరికే వెలుగుతాయి. దానికి సవరణ వేస్తే చుక్క మాయం. పీహెచ్‌డీ గారికి ఇది తెలిసే ఉంటుంది, మిగతావాళ్ల కోసం చెప్పా.

మల్కాజిగిరి అక్క:
నేను ఇలాంటిదానికే వెళ్లొచ్చా. లోహం ఏదీ ఉండకూడదన్నారు. పదేళ్లుగా తీయని ముక్కుపుడక, సబ్బునీళ్లు పోసి ఇరవై నిమిషాలు తిప్పితే గానీ రాలేదు. లోపల తల చుట్టూ పంజరం లాంటిది బిగించి, కళ్ల మీద చిన్న అద్దం పెట్టారు, తెర అందులో కనిపిస్తుంది. చెవుల్లో దూది పెట్టినా టకటకా మోతే. గుటక వేద్దామంటే తల కదులుతుందేమోనని టెన్షన్. సగంసేపు చుక్కల్ని చూశాను, సగంసేపు ఇంట్లో నానబోసిన మినప్పప్పు గుర్తొచ్చింది.

వారాసిగూడ డాబా:
చూశారా! మినప్పప్పు కూడా ఆ మడతలోనే పడి ఉంటుంది.

గచ్చిబౌలి పీహెచ్‌డీ:
అక్కా, అందుకే బటన్ నొక్కమని పని పెడతారు, శ్రద్ధ పెట్టారో లేదో తెలియడానికి. చేప సంగతీ నిజమే, ఇప్పుడు ఆ సవరణ లేని పేపర్‌ని చాలావరకు పక్కన పెట్టేస్తారు.

నేను ఒప్పుకోవాల్సింది ఇంకోటుంది. ఒక చోటు వెలిగింది కాబట్టి ఫలానా ఆలోచనే జరిగిందనడం పెద్ద పొరపాటు, ఒక్కో చోటు పది పనులు చేస్తుంది. చూస్తున్నప్పుడు కదలికల భాగం వెలగ్గానే "మెదడు కూడా డాన్స్ చేసేస్తోంది" అని పేపర్లవాళ్లు రాసేస్తారు. అంత లేదు.

కానీ మేడం, మీ అమ్మాయి చేయబోయేలాంటిది ముందే జరిగింది. 2005లో బియాట్రిస్ కాల్వో-మెరినో బృందం లండన్‌లో బాలే కళాకారులకీ, కపోయిరా (నాట్యంలా సాగే బ్రెజిల్ యుద్ధవిద్య) కళాకారులకీ రెండు రకాల వీడియోలూ చూపించింది. ఎవరి నాట్యం వాళ్లు చూసినప్పుడే కదలికల భాగాలు ఎక్కువ పనిచేశాయి. గుంపుకి పది మంది దాకానే, చిన్న లెక్క, కాదనను. అది ఎక్కువగా చూడటం వల్లా, చేయడం వల్లా అన్న ప్రశ్న వచ్చింది. బాలేలో ఆడవాళ్లకీ మగవాళ్లకీ కొన్ని అడుగులు వేరు, కానీ రోజూ కలిసే ప్రాక్టీసు, అన్నీ చూస్తూనే ఉంటారు. 2006లో ఆ తేడాని వాడుకుని చూస్తే, తాము చేసే అడుగులకే ఆ భాగాలు ఎక్కువగా స్పందించాయి. చూపు అలవాటు సమానమే అయినా.

తార్నాక టీచర్:
ఇది నాకు నచ్చింది. మా దగ్గర ఇంతకంటే మంచి మనిషి ఉన్నాడండీ. మా మృదంగం మాస్టారు. నలభై ఏళ్లుగా ప్రతి జతినీ చూస్తున్నారు, కాలు మాత్రం ఒక్కసారి కూడా కదపలేదు. పిల్ల అడుగు తప్పితే నాకంటే ముందే ఆయన చెయ్యి ఆగుతుంది.

గచ్చిబౌలి పీహెచ్‌డీ:
మేడం, ఆయన్ని వదలకండి! డాన్సర్లు ఒక గుంపు, మృదంగం, నట్టువాంగం (తాళాలు వేస్తూ జతులు చెప్పడం) వాళ్లు ఒక గుంపు, ఏమీ తెలియనివాళ్లు ఒక గుంపు. చూపు వేరు, చేత వేరు అని విడదీయడానికి ఇంతకన్నా ఏం కావాలి? ఆ ల్యాబ్ వాళ్లకి ఈ మాట చెప్పండి. అమ్మాయి వెళ్తే, ఎంతమందిని తీసుకుంటున్నారు, లెక్కలకి సవరణ ఎలా వేస్తున్నారు అని కూడా అడగమనండి.

వారాసిగూడ డాబా:
సరే, మాస్టారు వెళ్తానంటే నేనూ ఒప్పుకుంటా. ముందు ఆయనకి నా చుక్కల వీడియో చూపించండి, ఫ్రీ.

తార్నాక టీచర్:
అడిగాను. వెళ్తారట. ఆ మోత ఏ తాళంలో ఉంటుందో ముందే కనుక్కోమన్నారు.

నైట్ డ్యూటీ ఎమ్మారై:
మామూలుగా రెండు సెకన్లకి ఒక ఆవర్తం, గంటసేపు అదే. కాలం తప్పదు, కానీ కాలు కూడా ఆడించకూడదని చెప్పండి.